కిరాయి ఇంట్లో ఏనుగు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కిరాయి ఇంట్లో చంటిపిల్లవాణ్ణి పెంచి చూడు అని కూడా అని ఉండాల్సింది.

1987లో నేను కరీంనగర్‌లో బి.ఎ. చదువుతూ మంకమ్మతోటలో అక్కావాళ్ళింట్లో ఉండేవాణ్ణి. బావ నిర్మల్ నుంచి బదిలీ అయి వచ్చాడు. మేడమీద రెండు గదులు, 180 రూపాయల కిరాయి. మేనల్లుడికి రెండేళ్ళు. వాడి ఆస్తి అంతా నిర్మల్‌లో కొన్న పొనికి చెక్క ఏనుగు. తెల్లవారుజామున ఐదింటికే దాన్ని బండలమీద కొడుతూ ఊరేగించేవాడు. పొనికి తేలిక చెక్కే. కాని ఆ వేళప్పుడు కిందివాళ్ళకది రోకటిపోటే.

మూడో నెలలో ఓనరు మెట్లెక్కి వచ్చాడు. "మీ పోరని లొల్లితోని మా ఇంట్ల నిద్రలు లేవు. ఒకటో తారీఖుకు ఖాళీ చేయిండ్రి" అన్నాడు. బావ తల వంచుకున్నాడు. అక్కకప్పుడు ఏడో నెల.

ఇక ఇల్లు నిలబెట్టుకోవడమంటే పిల్లవాడి నోరు మూయించడమే అయింది. ఏనుగును సందూకలో దాచాం. వాడు నవ్వినా 'ష్' అనేవాళ్ళం. పరీక్ష ముందురోజు రాత్రి వాడు ఏడుపు ఆపకపోతే ఒక్కటి వేశాను. వాడు చప్పున రెండు చేతులతో నోరు మూసుకొని నా వంక చూశాడు. నాకు ఆ రాత్రి ఒక్క అక్షరం ఎక్కలేదు.

పరీక్ష కాగానే తెలిసిన వకీలు సాబు దగ్గరికి పోయాను. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం మున్సిపల్ పట్టణాలకు వర్తిస్తుందనీ, మా ఇల్లు పాతది, కిరాయి వెయ్యి లోపు కనుక మాకు దాని రక్షణ ఉందనీ చెప్పారు. ఓనరు రెంట్ కంట్రోలర్ ముందు 10వ సెక్షన్‌లోని కారణమేదో రుజువు చేయాలి: కిరాయి ఎగవేత, కట్టడం పాడుచేయడం, సొంత అవసరం వంటివి. ఇరుగుపొరుగును వేధించే ప్రవర్తన కూడా అందులో ఒకటి. "పసివాని ఏడుపు నేరమెట్లయితది? కాని తెల్లారకముందు దడదడలాడిస్తుంటే మీరు ఊకుంటే, అది మీ తప్పంటరు. కిరాయి కట్టి రసీదు తీసుకోండ్రి. కారణం లేకుండ నీళ్ళు, కరెంటు బంద్ చేసుడు గూడ 14వ సెక్షన్ ఒప్పది" అన్నారు.

సెక్షన్లు వల్లె వేసుకుంటూ ఓనరింటికి పోయాను. ఓనరు భార్య తలకు గుడ్డ కట్టుకొని మంచంమీద ఉంది. "నాకు పోరనిమీద కోపం లేదు బిడ్డా. తలనొస్తె రాత్రంత కన్ను మూతపడది. తెల్లారగట్ల జెర కునుకు పట్టంగనే పైన మొదలైతది" అంది. నా గొంతు తగ్గింది. "ఏడింటిదాక చప్పుడు కానియ్యం పెద్దమ్మా. ఖాళీ మాత్రం చెయ్యం. అది కోర్టుల తేలాలె" అన్నాను. ఆమె సరే అనలేదు, కాదనలేదు. ఆ సాయంత్రమే గోనెపట్టాలు తెచ్చి గదిలో పరిచాం. ఏనుగు సందూకలోంచి బయటికొచ్చింది. ఖాళీ మాట మళ్ళీ రాలేదు. ఆ ఇంట్లోనే రెండేళ్ళున్నాం.

మొన్న ఆ మేనల్లుడే ఫోన్ చేశాడు. కొడుకుతో కిరాయి ఇల్లు వెతుకుతుంటే, "చిన్నపిల్లలున్నరా?" అన్నదే మొదటి ప్రశ్నట. 2005 సవరణతో నగరపాలక సంస్థల్లో 3,500, ఇతరచోట్ల 2,000 రూపాయలు దాటిన ఇళ్ళు ఆ చట్టం బయటికి పోయాయి. వాటికి వేరే ఒప్పందం లేకుంటే, నెలవారీ కిరాయికి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు చాలు. అయినా నోటీసిచ్చి సామాను వీధిలో వేయడానికి లేదు; కోర్టు డిక్రీ కావాలి. ఊళ్ళనుంచి వచ్చి రూములు తీసుకునే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఒప్పందం కాగితంమీద రాయించుకోండి, రసీదు అడగండి.

చట్టం మా ఇల్లు నిలిపింది. ఆ రాత్రి దెబ్బ మేనల్లుడికి గుర్తులేదు. నాకుంది.