కుంభకర్ణుడు గెలుస్తాడా, గాడ్జిల్లా గెలుస్తుందా?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ ఫోన్ చేస్తే, చదువు గురించో క్రమశిక్షణ గురించో రాద్దామని కూర్చున్నాను. రెండు పేజీలు రాసి చించేశాను. అవి మీకు ప్రతి ఆగస్టు పదిహేనుకూ ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. అందుకే తమ్ముళ్ళూ, లైట్లు తీసేశాక మా రూంలో జరిగిన కొట్లాట గురించి రాస్తున్నాను.

నేను 2012లో ఐదో తరగతిలో ఇక్కడ చేరి, 2018లో పది పాసై వెళ్ళాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. ఇప్పుడు ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను.

ట్రంకు పెట్టెల మధ్య వరసగా దుప్పట్లు పరుచుకొని పడుకునేవాళ్ళం. స్టడీ అవర్ అయిపోయి లైటు ఆరగానే ఒక మూల నుంచి ప్రశ్న లేచేది. "అరేయ్, కుంభకర్ణుడు, ఘటోత్కచుడు కొట్లాడితే ఎవడు గెలుస్తడు?" ఇక నిద్ర లేదు. హనుమంతుణ్ణి దింపితే ఆట అక్కడికే అయిపోతుంది కాబట్టి దేవుళ్ళు వద్దని నియమం పెట్టుకున్నాం. ఘటోత్కచుడంటే మాకు 1957 నాటి 'మాయాబజార్'లో ఎస్.వి.రంగారావే. గుడ్డు పెట్టే రోజు మాత్రం కుంభకర్ణుడికి ఓట్లు ఎక్కువ పడేవి. తిండి విషయంలో ఆయన మావాడే అనిపించేవాడు. నేనూ ఆ పార్టీయే.

అవతలి పార్టీకి ఒక్కడు చాలు. వాణ్ణి అందరం వకీలు అని పిలిచేవాళ్ళం. అసలు పేరు రాయను, వాడికి సిగ్గు. "కుంభకర్ణుడు ఆర్నెల్లు పంటడు, పన్నప్పుడు పోయి కొడితే?" అని ఎవరైనా అంటే, తన పార్టీ వాడైనా సరే ఒప్పుకునేవాడు కాదు. "పన్నోన్ని కొట్టుడు కొట్లాట గాదు. లేపి, తినవెట్టి, అప్పుడు కొట్లాడాలె" అనేవాడు. వాడి లెక్క వేరు. "ఎన్ని దెబ్బలకు పడిండని గాదు, పడ్డంక ఏం జేసిండో సూడుండ్రి. ఘటోత్కచుడు సచ్చుకుంట గూడ కౌరవుల మీద పడి ఒక అక్షౌహిణిని నలిపిండు." అక్షౌహిణి అంటే ఎంతో తెలుగు సార్‌ను అడిగి తెల్లారి బోర్డు మీద రాశాం. 21,870 ఏనుగులు, అన్నే రథాలు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. నేనూ ఊరుకోలేదు. రాముడు నరికిన కుంభకర్ణుడి చేతులు పడే కోతులు నలిగిపోయాయని చెప్పాను. ఆ వారమంతా ఎటూ తేలలేదు.

ఆ తరువాత టీవీలో తెలుగులో కింగ్‌కాంగ్ వచ్చింది, గాడ్జిల్లా వచ్చింది. బాంబులు వేసినా గాడ్జిల్లాకు ఏమీ కాదు. మా పురాణాల వాళ్ళు చిన్నబోయారు. అప్పుడు వకీలే కొత్త ప్రశ్న తెచ్చాడు. కర్ణుడికి ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారే పనిచేస్తుంది కదా, ఘటోత్కచుడి మీద వాడకుండా దాచి ఉంటే గాడ్జిల్లా మీద వేస్తాడా, కాంగ్ మీద వేస్తాడా? రూం రెండుగా చీలిపోయింది. వాచ్‌మన్ తాత వచ్చి కట్టెతో తలుపు కొట్టాడు.

2016 దసరా నాడు మెదక్ నుంచి విడిపోయి మన సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. అప్పుడు మేము తొమ్మిదో తరగతి. ఆ సెలవులకు ఇంటికి పోయిన వకీలు మళ్ళీ రాలేదు. అమ్మానాయినలతో చెరుకు కొట్టడానికి పోయాడని వాళ్ళ ఊరి పిల్లలు చెప్పారు. మన నారాయణఖేడ్ వాళ్ళకు ఇది కొత్తగా వివరించనక్కరలేదు. వాడి పెట్టె చాలా రోజులు గోడకే ఉంది. రాత్రుళ్ళు ప్రశ్న అడిగినా జవాబు చెప్పేవాడు లేక మేము పడుకునేవాళ్ళం.

పీజీలో నాకు హాల్డేన్ అనే శాస్త్రవేత్త 1926లో రాసిన వ్యాసం దొరికింది. ఆయన ఇంగ్లండులో పుట్టి భారతదేశ పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయారు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇవ్వాలని రాసిపెట్టారు. సంగతేమిటంటే, ఆకారం మారకుండా ఎత్తు రెట్టింపైతే ఎముకల బలం నాలుగు రెట్లే పెరుగుతుంది, బరువు మాత్రం ఎనిమిది రెట్లు పెరుగుతుంది. గెలీలియో 1638లోనే ఈ సూత్రం చెప్పాడు. మనిషి పదింతలు పెరిగితే ఒక్క అడుగు వేయగానే తొడ ఎముక విరుగుతుంది. 1954 నాటి మొదటి గాడ్జిల్లా ఎత్తు 50 మీటర్లు. అంటే మనిషికి ముప్పై రెట్లు. హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో దొరికిన కోటసారస్ ఎముకలను నిలబెట్టారు. దాని కాళ్ళు చూడండి, గుడి స్తంభాలే. గాడ్జిల్లాకు అవీ చాలవు.

పదేళ్ళ కొట్లాట గెలిచానని మొన్నటి సీజన్‌లో వకీలుకు ఫోన్ చేశాను. కర్ణాటకలో చెరుకు తోటలో ఉన్నాడు. అంతా విని కాసేపు మాట్లాడలేదు. "అంటే బరువు పెరిగినంత బలం పెరగదంటవ్. మా మేస్త్రీకి జెప్పరాదు, మోపు జర చిన్నగ కట్టిస్తడు" అని నవ్వాడు. వాడికి నడుం నొప్పి అని అప్పుడే తెలిసింది. లారీకి ఆనించిన పలక మీద మోపు నెత్తిన పెట్టుకొని ఎక్కాలి. టన్నుకింత అని లెక్క.

నేనేదో అనబోయేలోగా వాడే అందుకున్నాడు. "గాడ్జిల్లా సముద్రంల ఉంటది గదరా. నీళ్ళల్ల బరువు తెలుస్తదా? బాయిల ఈదుతుంటే నీకు నీ బరువు తెలిసిందా?"

నేను ఎమ్మెస్సీ చదువుతూ అనుకోని మాట అది. నీలి తిమింగలం దాదాపు 30 మీటర్లు పెరగగలిగింది నీళ్ళు దాని బరువు మోస్తాయి కాబట్టే. ఒడ్డున పడితే తన బరువుకే నలిగిపోతుంది. ఆ మాటే వాడికి చెప్పాను. "మరింకేం, సముద్రంలనే ఉండనియ్. ఒడ్డుకెక్కితే కుంభకర్ణుడు, నీళ్ళల్ల అయితే గాడ్జిల్లా" అని తీర్పు చెప్పి, లారీ వచ్చిందంటూ పెట్టేశాడు.

ఒడ్డుకెక్కితే మా కుంభకర్ణుడి తొడ ఎముకా విరుగుతుందని వాడు మరిచాడో, నా పార్టీ అని వదిలేశాడో అడగలేదు. వాడి మేనల్లుడు ఇప్పుడు ఇదే హాస్టల్‌లో ఏడో తరగతి. తమ్ముడూ, ఈ పేజీ మీ మామకు చదివి వినిపించు. ఘటోత్కచుడి సంగతి ఆయన ఇంకా తేల్చలేదని చెప్పు.