వాననీటి బరువు

ఇరవై ఏళ్ళ కిందట, ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకొని అనువాదాలతో పొట్ట పోసుకోవడం మొదలుపెట్టిన కొత్తలో, నేనొక సముద్రయాన కథను తెలుగు చేశాను. తుఫానులో చిక్కిన నావికులు తెల్లవార్లూ ‘బెయిల్’ చేస్తూనే ఉన్నారని అందులో ఒక వాక్యం ఉన్నది. అది న్యాయస్థానపు జామీను కాదని గ్రహించేపాటి తెలివి నాకున్నది. విమానంలోంచి గొడుగు కట్టుకొని దూకడానికి కూడా ఆ మాటే వాడతారని ఎక్కడో చదివిన గుర్తు. అందుచేత, ‘నావికులు తెల్లవార్లూ పడవలోంచి దూకుతూనే ఉన్నారు’ అని రాసి పంపాను. సంపాదకులు ఆ వాక్యం పక్కన ఎర్రసిరాతో, ‘పాపం, మొత్తం ఎందరున్నారండీ?’ అని మాత్రం రాసి తిప్పి పంపారు.

పడవలో చేరిన నీటిని తోడి పారబోయడమే ఆ మాటకు అర్థమని నిఘంటువు చూసి సరిదిద్దుకున్నాను. కాని ఆ అర్థం నా చేతులకు తెలిసింది మాత్రం 2022 ఆగస్టులో, చిలికా సరస్సు ఒడ్డున.

విశాఖపట్నం నుంచి హౌరా వైపు రైలులో వెళ్ళిన తెలుగువారిలో చిలికాను చూడనివారు అరుదు. బరంపురం దాటిన కొంతసేపటికి కుడిచేతి కిటికీలో కొండల మధ్య నుంచి ఒక తెల్లని వెలుగు కనిపిస్తుంది. రంభ, ఖల్లికోట, బాలుగావ్ స్టేషన్లు దాటేదాకా ఆ వెలుగు వస్తూ పోతూ ఉంటుంది. పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాల మధ్య పరచుకొన్న ఈ ఉప్పునీటి సరస్సు వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లకు ముడుచుకొని, వానకారులో 1,100 దాటి వ్యాపిస్తుంది. దయా, భార్గవి మొదలైన మహానది పాయలు ఒకవైపు నుంచి మంచినీటిని తెచ్చి పోస్తూంటే, మరొకవైపు సముద్రం తన ఉప్పును పంపుతూ ఉంటుంది. సముద్రానికి దారి పూడుకుపోయి సరస్సు క్షీణిస్తున్న దశలో, 2000 సంవత్సరంలో ఇసుకమేటను తవ్వి కొత్త ముఖద్వారం తెరిచారు. ఆ తరువాతనే చేపలూ, వాటి వెనుక జాలరుల ధైర్యమూ తిరిగివచ్చాయి. శీతకాలపు వలసపక్షులనూ, సాతపడా దగ్గరి డాల్ఫిన్లనూ చూడడానికి వచ్చేవారు వేలమంది. ఆగస్టులో వచ్చేవారు మాత్రం నావంటి తెలివైనవాళ్ళే.

నేను బాలుగావ్ పక్కన ఒక చిన్న బసలో దిగాను. కాళీజాయి దీవికి వెళ్ళడానికి మరునాటి ఉదయం ఒక మరపడవను మాట్లాడుకొన్నాను. పడవ సరంగు యాభై ఐదేళ్ళు దాటిన మనిషి. ఆయనది గోపాలపురం తీరంలోని నోలియాల కుటుంబం. ఏ తరంలో ఒరిస్సా తీరానికి చేరుకొన్నారో ఆయనకే తెలియదు గాని, ఇంట్లో ఇప్పటికీ తెలుగే. ఆ తెలుగులో శ్రీకాకుళం సముద్రపుటొడ్డూ, ఒడియా రెండూ కలిసి వినిపిస్తాయి. పేరు అడిగితే చెప్పాడు గాని, పత్రికలో వేయవద్దన్నాడు.

రాత్రంతా వాన. తెల్లవారి రేవుకు వెళ్ళేసరికి మిగిలిన పడవలు నీటి మీద తేలుతూంటే, మా పడవ నీటిలో కూర్చొని ఉన్నది. ఇంజను వెనుకవైపు ఉండడంతో వెనుక అంచు సరస్సుకు జానెడు ఎత్తున కూడా లేదు; ముందుభాగం మాత్రం ఆకాశంకేసి మెడ చాచినట్లున్నది. లోపల అడుగుపలకలు తేలుతున్నాయి. ఒక చెప్పు, ఒక ఖాళీ బీడీకట్ట కాగితం, నిన్నటి పూజ తాలూకు బంతిపూలు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

సహాయపడదామన్న ఉత్సాహంతో నేను గట్టు మీది నుంచి పడవ అంచు మీద కాలు వేశాను.

“అంచు తొక్కకండి బాబూ!” అన్న కేక వినిపించేలోపల లోపలి నీరంతా నా కాలి వైపుకు పరుగెత్తింది. పడవ ఒక్కసారి ఒరిగింది. సరస్సు నీరు అంచు మీదుగా నాలుగైదు చేదలంత లోపలికి దూకింది. సరంగు మొలలోతు నీటిలోకి దిగి అవతలి అంచు పట్టుకొని వేలాడకపోతే మా ప్రయాణం అక్కడే ముగిసేది. నేను గట్టు మీద పడ్డాను. ఆయన ఏమీ అనలేదు. పన్నెండేళ్ళ మనవడు మాత్రం మొహం తిప్పుకొని నవ్వాడు.

నీరు చేరిన పడవ గురించి మొదట తెలుసుకోవలసింది ఇదేనట. బియ్యపుమూట వేసిన చోట ఉంటుంది, నీరు ఉండదు. పడవ ఎటు ఒరిగితే అటే పరుగెత్తి, ఆ ఒరగడాన్ని ఇంకా పెంచుతుంది. అందుకే సగం నిండిన పడవలోకి ఎక్కకూడదు. గట్టున నిలబడిగాని, నీటిలో దిగి నిలబడిగాని ముందు బయటి నుంచే తోడాలి. పడవ కాస్త తేలిన తరువాత సరిగ్గా నడిమధ్యన అడుగు వేసి, వెంటనే కూర్చోవాలి.

మనవడు నా చేతికొక పనిముట్టు ఇచ్చాడు. అయిదు లీటర్ల నూనె డబ్బాను పిడి చెడకుండా ఏటవాలుగా కోసినది. ఖర్చు లేనిది, తుప్పు పట్టనిది, వంపు తిరిగిన పడవ అడుగుకు చక్కగా అతుక్కునేది. వాళ్ళ తాత చిన్నతనంలో కొయ్యతో తొలిచిన దోనె వాడేవారట. మా ఊళ్ళో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి గూడ వేసి చేనికి నీరు తోడడం చిన్నప్పుడు చూశాను గనుక, ఇది సులభమే అనుకొన్నాను. యాభై సార్లు తోడేసరికి భుజం, నూరు సార్లకు నడుము తమ ఉనికిని తెలియజేశాయి.

తోడుతూనే నాకు లెక్క చూడాలనిపించింది. రాత్రి నా బస ఆవరణలో మరచిపోయిన ఒక బక్కెట్టులో ఉదయం నాలుగు వేళ్ళ లోతు నీరున్నది. బక్కెట్టు మూతి అడుగుకన్న వెడల్పు కనుక, కురిసింది కొంత తక్కువే, అయిదు సెంటీమీటర్లు అనుకుందాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు. మా పడవ ఇరవైనాలుగు అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. ముక్కు దగ్గర సన్నగిల్లినది తీసివేస్తే ఎనిమిది చదరపు మీటర్లు. అంటే నాలుగు వందల లీటర్లు, నాలుగు వందల కిలోలు. ఆరేడుగురు మనుషులు చీకట్లో ఒక్కొక్కరే వచ్చి, సరంగుకు చెప్పకుండా పడవలో కూర్చొన్నట్లే. అందరూ ఇంజను పక్కనే కూర్చొన్నారు, ఎందుకంటే పల్లం అటే ఉన్నది. నా చేతిలోని డబ్బాకు మహా అయితే రెండు లీటర్లు పడతాయి. కనుక రెండు వందల సార్లు. ఈ లెక్క సరంగుకు చెప్పాను. “తోడేసినాక సెప్పండి బాబూ” అన్నాడు.

మధ్యలో ఆయన వెదురుపుల్లతో పడవ అడుగున ఉన్న అడ్డకొయ్యల కింద పొడవడం మొదలుపెట్టాడు. పక్కటెముకల్లాంటి ఆ కొయ్యలు ఒక్కొక్కదాని కింద వేలెడు కంత ఉంటుంది. నీరు ఆ కంతల గుండా ఒక గది నుంచి మరొక గదికి పోతూ, అన్నిటికన్న పల్లానికి చేరాలి. ఆకులూ, చేపపొలుసులూ, బంతిపూలూ వాటిని మూసివేస్తే వెనుకవైపు ఎంత తోడినా ముందువైపు నీరు అలాగే దాగి ఉంటుంది. పడవ కదలగానే ఒక్కసారిగా వెనక్కి వస్తుంది. చివరికి డబ్బాకు అందని నీటిని గోనెగుడ్డతో అద్ది పిండారు.

అంతదాకా ఇంజను జోలికి పోలేదు. అది పొలాల్లో నీరు తోడడానికి వాడే ఒంటి సిలిండరు డీజిల్ ఇంజనే. నీరు తోడడమే పుట్టుకగా గల యంత్రం తాను కూర్చొన్న చోట నీటిని తోడుకోలేకపోవడం చిత్రమనిపించి, పంపు పెట్టించవచ్చు గదా అన్నాను. పెట్టించాడట. బ్యాటరీతో నడిచే చిన్న పంపు. నీరు పెరిగినప్పుడు దానంతట అదే తిరగాలి. మొదటి నెల తిరిగింది. తరువాత ఒక ఆకు అడ్డుపడి, తెల్లవార్లూ వట్టినే తిరిగి బ్యాటరీని చంపింది. “మిసను నిద్రపోదు అన్నారు బాబూ. నిజమే, సచ్చిపోతాది.”

నీరు ఇంజను చక్రానికి తగులుతూండగా దానిని తిప్పితే, చక్రం ఆ నీటిని నలువైపులా చిమ్ముతుంది; గాలి పీల్చే గొట్టంలోకి పోతే సిలిండరులో నీరు నలగదు, ఇంజనే విరుగుతుంది. అందువల్ల ముందు తోడి, తరువాత డీజిలు గొట్టం దగ్గరి గిన్నెలో అడుగున నీరు చేరిందేమో చూసి వంపి, ఆ తరువాతనే హ్యాండిలు వేశాడు. మూడవ తిప్పుకు అది పొగ వదిలి మేల్కొన్నది.

ఇంత జాగ్రత్త ఎందుకో దారిలో తెలిసింది. నాలుగేళ్ళ కిందట కూతురి పెళ్ళికి గోపాలపురం వెళ్ళి, రెండు రాత్రులు పడవను రేవులో విడిచాడు. రెండవ రాత్రి వాన. పైన కప్పిన టార్పాలిన్ ఉన్నది. కాని మధ్యలో వెదురు వెన్ను పెట్టలేదు. గుడ్డ కుంగి చెరువైంది, తాళ్ళు తెగి, ఆ చెరువంతా ఒక్కసారి పడవలోకి దిగింది. కొయ్యపడవ కనుక పూర్తిగా మునగలేదు. ముక్కు పైకి పెట్టి, ఇంజనును అడుగున పెట్టుకొని నిలబడింది. మునిగిన ఇంజనును వెంటనే పైకి తీసి, మంచినీటితో కడిగి, నూనె మార్చి తిప్పితే బతుకుతుంది. ఈయనకు కబురు అందేసరికి మూడవ రోజు. ఉప్పుగాలి సోకి లోపల పిస్టను సిలిండరుకు పట్టేసింది. ఇంజను మీద అప్పు ఇంకా తీరలేదు. పెళ్ళి అప్పు పైన చేరింది. ఆ ఏడు వేరొకరి పడవలో కూలికి వెళ్ళాడు.

“సముద్రంలో మునిగిన పడవ గురించి నలుగురూ సెప్పుకుంటారు బాబూ. రేవులో మునిగిన పడవని సూసి నవ్వుతారు.”

కాళీజాయి దీవిలో ఎక్కువసేపు ఉండలేదు. పెళ్ళికని తండ్రితో పడవలో బయలుదేరిన జాయి అనే పిల్ల గాలివానలో ఈ దీవి దగ్గర మునిగిపోయి, పడవవాళ్ళను కాపాడే దేవత అయిందని ఇక్కడి కథ. మకర సంక్రాంతికి పెద్ద జాతర చేస్తారు. ఆ ఉదయం గుడి దగ్గర మేమూ, తడిసిన నాలుగు మేకలూ తప్ప ఎవరూ లేరు. సరంగు నమస్కరించిన తీరు చూస్తే, కూతురి పెళ్ళి సంగతి ఆమెకు కూడా చెబుతున్నాడేమో అనిపించింది.

తిరుగుదారిలో వాన పట్టుకొన్నది. ముందు కొండలు పోయాయి, తరువాత ఒడ్డు పోయింది, ఆ తరువాత పడవ ముక్కు కూడా మసకబారింది. చిలికా చాలాచోట్ల రెండు మూడు మీటర్లకు మించి లోతు ఉండదు. లోతు లేదు కనుక భయం లేదని నేను పొద్దున అనుకొన్నాను. లోతులేని నీటిలోనే అలలు పొట్టిగా, నిలువుగా, ఒకదాని మడమ ఒకటి తొక్కుతూ వస్తాయి. పైనుంచి వాన, పక్కనుంచి అల. రెండూ పడవలోనే కలుసుకొన్నాయి.

మనవడు చెప్పించుకోకుండానే వెనక్కి పోయి ఇంజను పక్కన తోడడం మొదలుపెట్టాడు. పడవ ముందుకు పోతున్నప్పుడు నీరు అక్కడికే చేరుతుంది. నన్ను నడుమ అడుగున కూర్చోమన్నాడు సరంగు. బల్ల మీద కాదు, అడుగున. నడుముదాకా చల్లటి నీరు. బల్ల కింద మూతలు బిగించిన ఖాళీ డబ్బాలు వరసగా తాళ్ళతో కట్టి ఉండడం అప్పుడు చూశాను. అవి ఎందుకో అడగనక్కరలేకపోయింది.

“ఇంజను ఆపి వాన తగ్గేదాకా ఉండకూడదా?” అని అరిచాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఒడ్డు చేరాక విడమరచి చెప్పాడు: ఇంజను ఆగితే పడవ అలలకు పక్క చూపిస్తుంది, ఒక్కసారి వేగం తగ్గించినా వెనుకనుంచి వచ్చే మా సొంత అలే పల్లంగా ఉన్న వెనుక అంచు ఎక్కి లోపలికి దిగుతుంది. అందుకని వేగాన్ని కొంచెం కొంచెంగా తగ్గించి, ముక్కును అలకు ఏటవాలుగా పట్టి, ఒడ్డుకు తిన్నగా కాక చుట్టుదారిన పోయాడు.

నేను కూడా ఒక డబ్బా అందుకొన్నాను. ఎన్నిసార్లు తోడానో లెక్క పెట్టలేదు. పిల్లవాడూ నేనూ ఒకే వైపు పారబోస్తున్నామని సరంగు ఒకసారి కసిరినట్లు, గాలికి ఎదురుగా పారబోసి నా నీరు నా మొహానే పడినట్లు జ్ఞాపకం. నీరు తగ్గలేదు. పెరగనూ లేదు. వచ్చినంత బయటికి పోతూ, చీలమండల దగ్గరే నిలిచి ఉన్నది. ఆ గీత మీద కన్ను వేసి ఉంచానే తప్ప ఒడ్డు ఎప్పుడు కనిపించిందో నేను చూడలేదు. ఇంజను చప్పుడు మారితే తల ఎత్తాను, రేవులో ఉన్నాము.

బాడుగ ఇచ్చి, మరికొంత చేర్చబోతే, చేర్చినది తిరిగి ఇచ్చివేశాడు. “తోడినారు గదా బాబూ” అన్నాడు.

ఆ రాత్రి మళ్ళీ రేకుల మీద వాన మొదలైన చప్పుడుకు మెలకువ వచ్చింది. గడియారంలో రెండు దాటింది. కాసేపు పడుకొనే విన్నాను. ఒక చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరుకు ఒక లీటరు. తరువాత లేచి, బస కుర్రవాడి గొడుగు అడిగి తీసుకొని రేవుకు నడిచాను. టార్చిలైటు వెలుగులో మొలలోతు నీటిలో నిలబడి తాత తోడుతున్నాడు. గట్టు మీద గోనె కప్పుకొని కునుకుతున్న పిల్లవాడు నన్ను చూసి, ఏమీ ఆశ్చర్యపోకుండా, రెండవ డబ్బాను ముందుకు తోశాడు.