పునరుక్తి

తర్కశాస్త్రం లక్షణవాక్యానికి అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం అనే మూడు దోషాలను నిరూపిస్తుంది. కొమ్ములుండడమే గోలక్షణమంటే అది మహిషానికీ వర్తిస్తుంది. కపిలవర్ణమే లక్షణమంటే తెల్లావు జారిపోతుంది. ఈ పాఠాన్ని ముప్పై ఏళ్లు బోధించిన ఒక విశ్రాంత అధ్యాపకుడికి అది మళ్లీ ఎదురైంది బ్రిడ్జి బల్ల వద్ద. పేకాట అనగానే ముఖం చిట్లించనక్కరలేదు. ఇక్కడ పందెం లేదు. ఎదురుగా భాగస్వామిగా కూర్చున్నవాడు ఆయన పూర్వశిష్యుడే.

ఆటలో 52 ముక్కలు, నలుగురికి 13 చొప్పున. ఒక చేతికి రాగల కూర్పులు 63,501 కోట్లకు పైమాట. వాటిని భాగస్వామికి వర్ణించడానికి అనుమతించిన పలుకులు 38 మాత్రమే: ఒక కళావరు మొదలు ఏడు నోట్రంపుల వరకు 35 బిడ్లు, పాస్, డబుల్, రీడబుల్. పైగా ప్రతిపక్షం మధ్యలో పలికితే కింది మెట్లు కొన్ని అంతరిస్తాయి. అప్పుడే వర్ణన మరింత సూక్ష్మం కావాలి.

ఆనాడు గురువు ఒక కళావరు పలికారు. ప్రతిపక్షి ఒక ఆఠీను అన్నాడు. శిష్యుడి చేతిలో నాలుగు ఇస్పేట్లు, ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున లెక్కిస్తే ఎనిమిది పాయింట్లు. ఒక ఇస్పేటు అన్నాడు. వారి ఒడంబడిక ప్రకారం ఆ స్థితిలో ఒక ఇస్పేటు అంటే కనీసం ఐదు. సరిగ్గా నాలుగే ఉంటే డబుల్ అనాలి. శత్రువును దండించే పదానికి స్వహస్తాన్ని వర్ణించే అర్థమిచ్చినవాడు అమెరికన్ ఆటగాడు ఆల్విన్ రాత్. 1957లో సోవియట్ ఉపగ్రహం నింగికెగసిన కాలం గనుక దానికి స్పుత్నిక్ డబుల్ అనే పేరూ వచ్చింది.

రెండవ ప్రతిపక్షి మూడు ఆఠీన్లకు దూకాడు. గురువు చేతిలో మూడు ఇస్పేట్లు. ఐదూ మూడూ ఎనిమిదనుకొని మూడు ఇస్పేట్లు పలికారు. తురుపులు ఏడే అయ్యాయి. డబుల్ పడింది, రెండు ట్రిక్కులు తగ్గాయి, వల్నరబుల్ కావడంతో 500 నష్టం.

"రాజూ జాకీ ఉన్నాయి మాస్టారూ, మంచి ఇస్పేట్లు."

"మంచివే నాయనా. నాలుగే."

తదుపరి ఆటలో శిష్యుడు నష్టం పూడ్చే ఉత్సాహంలో ఉన్నాడు. గురువు ఒక ఇస్పేటు, ప్రతిపక్షం రెండు కళావర్లు, శిష్యుడు రెండు ఇస్పేట్లు. మూడు ఇస్పేట్లూ, ఏడు పాయింట్లూ ఉన్న చేతికి అది నిర్దుష్టమైన వర్ణన. ప్రతిపక్షం మూడు కళావర్లకు వెళ్లింది. గురువు పాస్ అన్నారు, అంటే ఆరో ఇస్పేటు లేదని చెప్పినట్లే. శిష్యుడు మాత్రం మూడు ఇస్పేట్లు అన్నాడు. ఉమ్మడి తురుపులు ఎనిమిదైతే పోటీలో ఎనిమిది ట్రిక్కుల మెట్టు దాటవద్దన్నది ఫ్రాన్సుకు చెందిన జాఁ-రెనే వెర్న్ 1960లలో ప్రతిపాదించిన సూత్రం నుండి వచ్చిన నియమం. ఆయనను చదవకున్నా, చెప్పినదే మళ్లీ చెప్పడం న్యాయశాస్త్రంలో ఒక నిగ్రహస్థానమని ఆ శిష్యుడు ఒకప్పుడు పరీక్షలో రాసినవాడే. ఒక ట్రిక్కు తగ్గింది.

"మొదటిసారే విన్నాను. మళ్లీ అన్నావు గనుక కొత్త సంగతేదో ఉందనుకున్నాను" అన్నారు గురువు.

మూడో ఆటలోనూ గురువు ఒక ఇస్పేటు, ప్రతిపక్షం రెండు కళావర్లు. శిష్యుడికి ఐదు డైమన్లు, ఎనిమిది పాయింట్లు; రెండు డైమన్లు పలకడానికి బలం చాలదు. చాలాసేపు ముక్కలు చూసి, చివరికి పాస్ అన్నాడు. తరువాతి ఆటగాడూ పాస్. ఇప్పుడు గురువు వంతు. భాగస్వామి చేతిలో ఎంతో కొంత ఉందని ఆ ఆలస్యమే చెప్పేసింది. అయితే ఒడంబడిక ప్రతిపక్షానికీ తెలియవలసినది. ఆలస్యం, స్వరం, ముఖవికారం ద్వారా అందిన సమాచారాన్ని వాడుకోరాదన్నది ఆట ధర్మం. గురువు చేతిలో పన్నెండు పాయింట్లు, మూడు కళావర్లు. మళ్లీ పలికినా, ఊరుకున్నా తప్పుపట్టలేని చేయి. ఆయన పాస్ అన్నారు. ప్రతిపక్షం రెండు కళావర్లు చేసుకుంది. ముక్కలు పరచి చూస్తే, రెండు డైమన్లు వీరికి సునాయాసం.

"పలికి ఉంటే మనదే కదా మాస్టారూ?"

"నీ మౌనం నాకు వినపడింది. అందుకే పలకలేకపోయాను."

శిష్యుడు సమాధానమేదీ చెప్పక, తరువాతి ఆట ముక్కలు అందుకొని సర్దుకోసాగాడు.