సీసాల దుకాణంలో మార్చి ఎనిమిది

షెఫీల్డ్‌లో మా అమ్మాయి ఉండే వీధి చివర ఒక బీరు దుకాణం ఉంది. పెద్ద కంపెనీల బీరు అక్కడ దొరకదు. ఆ ఊళ్ళోనూ చుట్టుపక్కలా చిన్న చిన్న బ్రూవరీల్లో కాచినదే డబ్బాల్లో, సీసాల్లో అమ్ముతారు. లోపల నాలుగు బల్లలున్నాయి, కూచుని తాగే వీలూ ఉంది. గుమ్మం బయట ఒక నల్లబల్ల. ఆ నెల విశేషాలన్నీ సుద్దముక్కతో దాని మీద రాస్తారు. ఫలానా రోజు ఫలానా బ్రూవరీ మనిషి వచ్చి తన బీరు గురించి మాట్లాడతాడు, ఫలానా రోజు ఇళ్ళల్లో కాచుకునేవాళ్ళంతా తమ తమ సీసాలు తెచ్చి ఒకరిది ఒకరు రుచి చూస్తారు, నెలకోసారి పుస్తకం మీద చర్చ. నిరుడు ఫిబ్రవరిలో నేను వెళ్ళేసరికి అన్నిటికన్నా పైన ఒక ప్రకటన ఉంది. మార్చి 8న ఆడవాళ్ళం కలిసి బీరు కాస్తున్నాం, రండి అని.

ఆ చేతిరాత మా అమ్మాయిది.

శనాదివారాలు ఒక దుకాణంలో పని చేస్తున్నానని తను ఫోన్లో చెప్పింది కానీ ఏం దుకాణమో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. నాది నెల్లూరు జిల్లా. 1992లో నేను రాత్రిబడిలో చదువు చెప్పే కార్యకర్తని. దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారని విని, మా ఊళ్ళో కూడా ఇరవైమందిమి కలిసి వెళ్ళి దుకాణం ముందు బైఠాయించాం. ప్యాకెట్లు తెచ్చిన జీపుని ఊళ్ళోకి రానివ్వలేదు. కలెక్టరాఫీసు దగ్గర సారా పాటలు జరగనివ్వకుండా అడ్డుకున్న వందలమందిలో నేనూ ఒకదాన్ని. ఆ గుంపులో మా అక్క నా పక్కనే ఉంది. మా బావ విరిచిన చెయ్యి సరిగ్గా అతుక్కోలేదు. ఈనాటికీ నీళ్ళ బిందె ఎడమ చంకకే ఎత్తుతుంది. అక్షరాలు దిద్దడానికి కూడా ఆ కుడిచెయ్యి వణికేది. వాచకంలో సీతమ్మ కథ చదివిన రోజు పలక పక్కన పెట్టి, ఇది నా కథే కదా అంది.

ఇలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల బీరు అమ్ముతోంది. నాకు కోపం కన్నా ముందు సిగ్గేసింది. ఎవరి ముందు సిగ్గు అంటే మా అక్క ముందు.

"అమ్మా, ఒక్కసారి లోపలికొచ్చి చూడు. తరవాత తిట్టు" అంది అమ్మాయి.

చూశాను. దుకాణం నడిపేది ఇద్దరాడవాళ్ళు. ఒకావిడకి నా వయసుంటుంది. గోడకి ఒక పాత ప్రకటన అట్ట తలకిందులుగా మేకు కొట్టి ఉంది. బీరు పంపు పిడికి తగిలించే అట్ట, దాని మీద సగం బట్టల్లో ఒక స్త్రీ బొమ్మ, కింద వెకిలి పేరు. ఇలాంటి పేర్లూ బొమ్మలూ ఉన్న బీర్లని బ్రిటన్‌లోని పెద్ద బీరు ఉత్సవంలో 2019 నుంచి నిషేధించారట. ఆ ఉత్సవం జరిపే వినియోగదారుల సంఘం పుట్టింది 1971లో. అంటే ఈ మాత్రం చెయ్యడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. సరుకు అమ్మడానికి వచ్చే కంపెనీ ప్రతినిధులు ఇప్పటికీ "ఓనరు గారున్నారా?" అని ఆవిణ్ణే అడుగుతారని చెప్పి పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. మా ఊరి ఎరువుల కొట్లో నన్నూ అలాగే అడిగేవాళ్ళు.

ఆవిడే నాకొక పుస్తకం ఇచ్చింది. జూడిత్ బెనెట్ 1996లో ప్రచురించిన పరిశోధన, 1300 నుంచి 1600 దాకా ఇంగ్లండులో ఏల్, బీరు కాచిన స్త్రీల చరిత్ర. నా ఇంగ్లీషు నిదానం. మూడు వారాలు పట్టింది. కానీ అంత ఇష్టంగా ఈమధ్య ఏదీ చదవలేదు.

ఆ రోజుల్లో ఏల్ కాయడం వంటింటి పనే. ఇంట్లోకి కాచి, మిగిలితే గుమ్మం పైన ఒక కర్ర కట్టి పొరుగువాళ్ళకి అమ్మేవారు. నాలుగైదు రోజులకే పులిసి పాడయ్యేది కాబట్టి వారం వారం ఎవరో ఒకరు కాయాల్సిందే. వాళ్ళని బ్రూస్టర్లు అనేవారు. ఆ మాటకి మొదట స్త్రీ అనే అర్థం ఉండేది. ఇప్పుడది ఇంటిపేరుగా మిగిలింది. వీళ్ళ పేర్లు మనకెలా తెలిశాయన్నది నన్ను పట్టుకున్న విషయం. కవులు రాయలేదు, చరిత్రకారులు రాయలేదు. పదమూడో శతాబ్దం నుంచి ఏల్ ధర, కొలత, నాణ్యత తనిఖీ చేసే చట్టం ఉంది. దాని కింద మేనరు కోర్టుల్లో వేసిన జరిమానాల పద్దుల్లో ఈ ఆడవాళ్ళ పేర్లు వరసగా కనిపిస్తాయి. తప్పు చేసినా చెయ్యకపోయినా వేసే జరిమానా, అంటే దాదాపు లైసెన్సు ఫీజు. అది చదువుతుంటే మన ఎక్సైజు కేసులు గుర్తొచ్చాయి. ఇప్పసారా కాచే ఆదివాసీ స్త్రీలూ, తండాల్లో లంబాడా స్త్రీలూ రాజ్యం రికార్డుల్లోకి ఎక్కితే ఎక్కేది ముద్దాయిలుగానే. 

పదిహేనో శతాబ్దంలో హాప్స్ అనే తీగ పూలు వేసి కాచే బీరు సముద్రం దాటి వచ్చి ఇంగ్లండులో స్థిరపడింది. హాప్స్ చేదు పానీయాన్ని నెలల తరబడి నిలవ ఉంచుతుంది. నిలవ ఉంటే దూరాలకి పంపొచ్చు, సైన్యాలకీ ఓడలకీ అమ్మొచ్చు. దానికి పెద్ద గంగాళాలు కావాలి, పెట్టుబడి కావాలి, అప్పు పుట్టాలి. పెళ్ళయిన స్త్రీకి తన పేరు మీద ఒప్పందం చేసుకునే హక్కు లేదు. ఇంకేముంది? లాభం పెరిగినకొద్దీ కాచేవాళ్ళు మగవాళ్ళయ్యారు, ఆడవాళ్ళు చిల్లరగా అమ్మేవాళ్ళుగా మిగిలారు. అలాగని అంతకుముందు స్వర్ణయుగం ఉండేదనుకోవద్దంటుంది బెనెట్. ఆడవాళ్ళు కాచినప్పుడూ అది తక్కువ ఆదాయం, తక్కువ గౌరవం ఉన్న పనే. గౌరవం రాగానే చేతులు మారిందంతే. 

ఆ చేతుల మీద నిందలు కూడా బాగానే వేశారు. అమ్మాయి నన్ను లడ్లో అనే ఊరికి తీసుకెళ్ళింది. అక్కడి సెయింట్ లారెన్స్ చర్చిలో మధ్యయుగాల నాటి చెక్క ఆసనాలున్నాయి. పలక పైకెత్తితే కింద చిన్న చిన్న శిల్పాలు. ఒకదాంట్లో ఒక దయ్యం ఏల్ అమ్మే స్త్రీని భుజాన వేసుకుని నరకం నోట్లోకి మోసుకుపోతోంది. ఒంటి మీద బట్టల్లేవు, తల మీద అలంకారం మాత్రం ఉంది, చేతిలో దొంగకొలత చెంబు. ఇంకో దయ్యం ఆమె పాపాల చిట్టా చదువుతోంది, మరొకటి వాయిద్యం వాయిస్తోంది. కొలతలో మోసం చేసిన మగ వర్తకుడు ఆ చుట్టుపక్కల ఎక్కడైనా ఉన్నాడేమోనని వెతికాను. నాకు కనపడలేదు.

అయినా చరిత్ర చదివినంత మాత్రాన నాలో ముల్లు పోలేదు. సారా పోరాటం చేసినవాళ్ళకి మద్యం అంటే మొగుళ్ళ పిడికిలి. చాలా ఏళ్ళ కిందట ఒక సభలో ఈ మాటే అంటే వరంగల్ నుంచి వచ్చిన స్నేహితురాలు అడ్డం తిరిగింది. "మీ కోపం న్యాయమే. కానీ మా అమ్మ కల్లు తాగుతుంది. పొద్దంతా నాటేసి వచ్చి నలుగురాడవాళ్ళతో కూచుని తాగుతుంది. తాగే ఆడదాన్ని చూసి మొహం చిట్లించడం మీరెక్కడ నేర్చుకున్నారు?" అంది. అప్పుడు జవాబు చెప్పలేదు. నేను మొహం చిట్లించడం నేర్చుకున్నది సారా దుకాణం ముందు కాదు, అంతకన్నా ముందే మా ఇంట్లో అని ఒప్పుకోడానికి నాకు చాలాకాలం పట్టింది. మేం పోరాడింది తాగుడు అనే పాపం మీదేనా? పాటల్లో కోట్లు పాడుకున్న కాంట్రాక్టర్ల మీదా, మా కూలి డబ్బుతో ఖజానా నింపుకున్న ప్రభుత్వం మీదా కాదూ? తాగడానికి నీళ్ళు లేని ఊళ్ళకి సారా ప్యాకెట్లు మాత్రం జీపుల్లో ఠంచనుగా వచ్చేవి. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. రాబడి అవసరమే మళ్ళీ గెలిచింది.

ఇంగ్లండులో కూడా కథంతా పన్నులోనే ఉంది. 2002లో చిన్న బ్రూవరీలకి సుంకం తగ్గించారు కాబట్టే ఇన్ని పుట్టుకొచ్చాయి. అందులో ఆడవాళ్ళకీ కాస్త చోటు దొరికింది. చోటంటే సుఖం అనుకోకండి. 2021 మే నెలలో అమెరికాలో బ్రియెన్ అలెన్ అనే బ్రూవరీ ఉద్యోగిని, మీకూ వివక్ష ఎదురైందా అని ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక్క ప్రశ్న అడిగితే వందల కొద్దీ స్త్రీలు తమకి జరిగినవి రాశారు. చేతులేసినవాళ్ళూ, జీతం ఎగ్గొట్టినవాళ్ళూ, అంతకన్నా ఘోరాలూ. కొన్నిచోట్ల యజమానులు పదవులు వదిలారు. మా అమ్మాయి అప్పట్లో అవన్నీ రాత్రంతా కూచుని చదివిందట. చదివాకే ఈ దుకాణంలో చేరిందట. అది నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది.

మార్చి 8న నేనూ వెళ్ళాను. ఈ రోజున స్త్రీలు కలిసి బీరు కాయడం 2014లో సోఫీ డి రాండ్ అనే బ్రూవరు బ్రిటన్‌లో మొదలుపెట్టింది, ఇప్పుడు చాలా దేశాల్లో చేస్తున్నారు. దుకాణంవాళ్ళకి తెలిసిన బ్రూవరీ ఒకటి రైలుకట్ట పక్కన రేకుల షెడ్డులో ఉంది. పదకొండు మందిమి. మొలకెత్తించి ఆరబెట్టి మరపట్టిన బార్లీని వేడి నీళ్ళలో కలిపారు. మూత తీయగానే ఆవిరి మొహానికి తగిలి నేను అక్కడే ఆగిపోయాను. మొలకెత్తిన రాగులు వేయించి దంపిన పిండితో మా అక్క కాచే జావ వాసన! గంట తరవాత కిందనుంచి దిగిన తియ్యటి నీళ్ళు చిన్న గ్లాసులో పోసి ఇచ్చారు. అప్పటికి దాంట్లో సారం తప్ప మత్తు ఉండదు. తాగాను. బెల్లం తక్కువైన రాగిజావలా ఉంది. 

తరవాత అసలు పని. నీళ్ళు దిగాక గంగాళంలో మిగిలిన పిప్పిని పారతో బయటికి తోడాలి. వేడి, బరువు, నడుము వంచి చెయ్యాలి. మా అమ్మాయి చేతులు బొబ్బలెక్కాయి. ఆ పిప్పి ఒక రైతు ట్రాలీలో వేసుకుని పశువులకి తీసుకెళ్ళాడు. పొయ్యి మీద హాప్స్ మరుగుతుంటే షెడ్డంతా చేదు వాసన. అందరూ తమ తమ అమ్మల గురించి మాట్లాడారు. ఒకామె తండ్రి తాగుబోతు. ఆమె చిన్నప్పుడు సీసాలు సింకులో పారబోసేదట. "ఇప్పుడు నేనే కాస్తున్నాను, వింతగా లేదూ?" అంది నాతో. మేం కూడా వీధిలో పారబోశామని చెప్పాను. అందరూ పని ఆపి విన్నారు. 

నచ్చనివీ ఉన్నాయి. డబ్బా ఒక్కటి 6 పౌండ్లు. అక్కడికొచ్చే వాళ్ళలో మా రంగువాళ్ళు ఇద్దరో ముగ్గురో. శుక్రవారం రాత్రి ఊరి మధ్యలో బాగా తాగిన జంట ఒకటి చూశాను. అతను ఆమె జుట్టు పట్టుకుని ఉన్నాడు. అతను తాగింది సూపర్‌మార్కెట్టు చవక మందైనా, చేతితో కాచిన మంచి బీరైనా ఆమె జుట్టుకి తేడా ఏముంది? ఇదే అమ్మాయిని అడిగాను. "తెలీదమ్మా. మా దుకాణంలో అయితే వాణ్ణి బయటికి గెంటుతాం. ఇంటికెళ్ళాక ఏం చేస్తాడో మా చేతిలో లేదు" అంది. ఆ జవాబుకి నేను తృప్తిపడలేదు, తనూ పడలేదు.

ఆ ఆదివారం అక్క ఫోన్ చేసింది. ఎప్పటిలాగే, "బిడ్డ ఏం జేస్తుండాది?" అని. అంతకు ముందు రెండుసార్లు 'ఏదో కొట్లో పని' అని దాటేశాను. ఈసారి చెప్పాను. బీరు కొట్టు అని, మొన్న ఆడోళ్ళంతా కలిసి కాచారని, నేనూ వెళ్ళానని.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"కాసేది ఆడోళ్ళేనా?" 

"ఆ రోజుకి ఆడోళ్ళే."

"అమ్మిన డబ్బు ఎవురి చేతికొస్తాది?"

"కొట్టు నడిపే ఇద్దరికీ. వాళ్ళూ ఆడోళ్ళే."

"బిడ్డకి జీతం సరిగ్గా ఇస్తుండారా?"

ఇస్తున్నారన్నాను. మళ్ళీ కాసేపు నిశ్శబ్దం. "మీ బావ బతికుంటే ఆడికీ వచ్చి తాగేవాడు" అంది. తిట్టిందో నవ్విందో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ వెంటనే నిమ్మకాయల ధర పడిపోయిందనీ, బస్తా కోత కూలికి కూడా రావడం లేదనీ చెప్పడం మొదలుపెట్టింది.