ప్రశ్నలగ్నంలో వక్రించిన గ్రహం

ప్రణయంలోను, దాంపత్యంలోను కలిగే అపశ్రుతికి జ్యోతిశ్శాస్త్రం సమాధానం చెప్పగలదా అని జిజ్ఞాసువులైన మిత్రులు తరచు అడుగుతూ ఉంటారు. శాస్త్రచర్చకు బదులు నా అనుభవాన్నే నివేదిస్తాను. ఇన్నేళ్లు దీనిని వ్రాయకపోవడానికి సిగ్గు తప్ప వేరే కారణం లేదు.

మాది ఇరువైపుల పెద్దలను ఒప్పించి చేసుకున్న ప్రేమవివాహం. ఆరవ ఏట ఆమెకు గర్భం నిలిచింది, అయిదవ నెలలో పోయింది. ఆమె దుఃఖించింది. నేను జపసంఖ్య పెంచాను. తెల్లవారుజామున పూజామందిరంలో, రాత్రి పొద్దుపోయేదాకా జ్యోతిషగ్రంథాల ముందు కూర్చునేవాణ్ణి. దానికి వైరాగ్యమని పేరు పెట్టుకున్నాను. ఒకనాడు ఆమె రెండు చీరలు సంచిలో పెట్టుకుని కాకినాడలోని పుట్టింటికి వెళ్లింది. వారమన్నది ఆరు వారాలైంది. ఫోనులో మాటలు "తిన్నారా", "తిన్నాను" వద్ద ఆగిపోయేవి.

జాతకం జన్మకాలాన్ని ఆశ్రయించినది. ప్రశ్న అట్లా కాదు, మనస్సులో సందేహం పరిపక్వమై వాక్కుగా వెలువడిన క్షణమే దానికి జన్మకాలం. వరాహమిహిరాచార్యుని కుమారుడు పృథుయశస్సు షట్పంచాశికలో దీనిని సంగ్రహించాడు. 1649లో కేరళదేశంలో వెలసిన ప్రశ్నమార్గం అడిగినవాని శ్వాస, అతడు తాకిన వస్తువు, అప్పుడు వినబడిన శబ్దం కూడా పరిశీలించమంటుంది. నాకు అభ్యాసమున్నది మాత్రం నీలకంఠదైవజ్ఞుని తాజికపద్ధతి. ఇత్థశాలం, ఈసరాఫం వంటి ఆ పద్ధతి పదాలు అరబ్బీ నుండి వచ్చి సంస్కృతంలో స్థిరపడినవి. జ్ఞానం ఏ దిక్కు నుండి వచ్చినా మన పూర్వులు తలుపు మూయలేదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

దుర్ముఖి నామ సంవత్సరం, శ్రావణ అమావాస్య. 2016 సెప్టెంబరు 1, రాత్రి రెండు గంటలు. నిద్ర పట్టక లేచి, "ఆమె తిరిగి వస్తుందా?" అని కాగితం మీద వ్రాసి చక్రం వేశాను. అంతకు ముందు ఆ నెలలోనే రెండుసార్లు అదే ప్రశ్న వేసి ఉన్నానని ఇక్కడ ఒప్పుకోవాలి. ఒకే ప్రశ్నను మాటిమాటికి వేయరాదని ఇతరులకు చెప్పేవాణ్ణి నేనే.

మిథునం ఉదయిస్తున్నది. లగ్నాధిపతి బుధుడు, సప్తమాధిపతి గురుడు, ఇద్దరూ నాల్గవదైన కన్యలోనే. వారితోపాటు కళత్రకారకుడు శుక్రుడు నీచలో. కలహస్థానమైన ఆరవ ఇంట కుజశనులు కలిసి ఉన్నారు. మనఃకారకుడు చంద్రుడు క్షీణుడై, మఖలో, రవిరాహువుల సన్నిధిలో. ఆ మధ్యాహ్నమే ఆఫ్రికా ఖండం మీద కంకణ సూర్యగ్రహణం. ఇవన్నీ ఒకదాని తరువాత ఒకటి చూస్తుంటే చేతులు చల్లబడ్డాయి. చివరికి బుధగురుల స్ఫుటాలు చూశాను. శీఘ్రగ్రహమైన బుధుడు మందగ్రహమైన గురుణ్ణి ఒక భాగలోపు దూరంతో దాటి ముందున్నాడు. ఈసరాఫం. అంటే సంగమం గడిచిపోయింది, ఇక ఎడబాటే. "విడిపోవడమే మంచిదేమో" అని ఆమెకు సందేశం వ్రాశాను. పంపలేదు. పంపే ముందు మా గురువుగారిని ఒక్క మాట అడుగుదామని తెల్లవారేదాకా ఆగాను.

ఆయన రాజమహేంద్రవరంలో ఉండేవారు, సంస్కృతోపాధ్యాయులుగా విశ్రాంతి పొందినవారు. చక్రం చెప్పగానే, "బుధుడి గతి చూశావా నాయనా?" అన్నారు.

చూడలేదు. భాగలు చూశాను, గతి చూడలేదు. పంచాంగం తీస్తే, బుధుడు వక్రించి రెండు రోజులు కూడా కాలేదు. దాటిపోయినవాడు కాదు, వెనుదిరిగి గురుని వైపే వస్తున్నవాడు.

నేను వెంటనే వాదానికి దిగాను. వక్రగ్రహం చేరితే రద్దయోగం కదా, ఇత్థశాలం చెడుతుంది కదా అన్నాను. పాండిత్యం ఎంత విచిత్రమైనదంటే, ఆశ కనబడిన చోట కూడా ముందు పూర్వపక్షమే తోచింది. ఆయన కొంచెంసేపు మౌనంగా ఉండి, "ఫలం అడిగితే నువ్వన్నది నిజమే. సరే, లగ్నాధిపతి ఎవరు?" అన్నారు.

"ప్రశ్నకర్త. నేనే."

"ఆమె?"

"గురుడు."

"ఇద్దరిలో దాటి ముందుకు పోయినవాడెవడు? ఇప్పుడు తిరగవలసినవాడెవడు? ఆమె వస్తుందా అని వ్రాశావు. చక్రంలో ఆమె కదలడమే లేదు గదరా!"

ఫోను పెట్టేసి చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఆనాడు పోలాల అమావాస్య అని అప్పుడు స్ఫురించింది. సంతానక్షేమం కోరి తల్లులు కందమొక్కను అర్చించే దినం. అంతకు ముందు సంవత్సరం మా వంటింట్లో ఆమె కందమొక్కకు పసుపుకొమ్ము కట్టి, బూరెలు నివేదించి, తోరం చేతికి కట్టించుకున్నది. ఈ ఏడు ఆ దినాన ఆమె ఏమి చేస్తూ ఉంటుందో నేను ఊహించనైనా లేదు. నా చక్రంలో ఆమెకు స్థానముంది, ఆమె దుఃఖానికి లేదు.

ఆ రాత్రి గౌతమీ ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరాను. బుధగురుల యుతి ఆ ఒకటి రెండు రోజుల్లోనే పూర్తయినదని తరువాత గణించాను. దానికి ఏదైనా ఫలం ఆపాదించడానికి నాకు మనసొప్పదు. రైలెక్కింది గ్రహం కాదు. ఎక్కించిన మాట మాత్రం చక్రం నుండే వచ్చింది, అదీ అబద్ధమనలేను.

అత్తగారు తలుపు తీసి, ఏమీ అడగకుండా కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లారు. ఆమె పెరటి మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, "ప్రశ్న వేసి వచ్చారా?" అన్నది. నన్ను ఎరిగిన మనిషి కదా.

"వేశాను."

"నేనెక్కడ ఉన్నాను అందులో?"

"నాల్గవ ఇంట."

"నాల్గవ ఇల్లంటే?"

"గృహం. మాతృస్థానం."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. గోడ వారగా కుండీలో నిన్నటి కందమొక్క పసుపుకుంకుమలతో అట్లాగే ఉంది. ఎవరి క్షేమం కోరి పూజించిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

"ఆనాడు ఆసుపత్రి వరండాలో మీరు కళ్లు మూసుకుని జపం చేస్తున్నారు. అప్పుడు మీ మనసులో ఏముందో ఇప్పటికీ నాకు చెప్పలేదు" అన్నది చివరకు.

మెట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాను. చెప్పడం మొదలుపెట్టేసరికి కాఫీ వచ్చింది, చల్లారిపోయింది. చెప్పడం పూర్తయ్యేసరికి మధ్యాహ్నమైంది.