పాతికేళ్లు బెంచ్ మీదున్న ఓడ

ఆర్నెల్లు బెంచ్ మీదుంటేనే మనకి నిద్ర పట్టదు. మరి పాతికేళ్లకు పైగా బెంచ్ మీదున్న ఓడ సంగతేంటి? ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో ఉందది. పేరు హెచ్ఎంఎస్ ట్రింకోమలీ. మాస్టర్స్ అయిపోయి, ఉద్యోగం దొరక్క, వీసా గడువు లెక్కపెట్టుకుంటున్న రోజుల్లో చూశాను. నేనుండే మిడిల్స్‌బరోకి అది పక్క ఊరే.

చూడగానే పరాయిదనుకుంటాం. కానీ అది పుట్టింది బొంబాయిలో! జంషెడ్‌జీ బొమన్‌జీ వాడియా అనే పార్శీ నిపుణుడి ఆధ్వర్యంలో కట్టి, 1817 అక్టోబర్ 12న నీళ్లలోకి దించారు. నెపోలియన్‌తో యుద్ధాల వల్ల ఇంగ్లండ్‌లో ఓక్ కలపకి కరువొచ్చింది. అందుకే మన మలబార్ టేకు వాడారు. ఓక్‌లోని ఆమ్లం ఇనుప మేకుల్ని తినేస్తుంది. టేకులోని నూనె వాటిని కాపాడుతుంది.

దీనికి మొదట్నుంచీ ఆలస్యమే రాసిపెట్టి ఉంది. 1812లో దీని ప్లాన్లు తీసుకొస్తున్న జావా అనే ఓడని బ్రెజిల్ తీరం దగ్గర అమెరికా ఓడ కాన్‌స్టిట్యూషన్ ఓడించింది. ప్లాన్లూ పోయాయి. మళ్లీ పంపాల్సి వచ్చింది. తీరా ఓడ తయారయ్యేసరికి నెపోలియన్ కథ ముగిసింది. 1819లో పోర్ట్స్‌మత్ చేరితే, అక్కడ చేయడానికి పనే లేదు. రిజర్వ్‌లో కట్టేశారు.

మళ్లీ సముద్రం మీదకెళ్లింది 1847లో! అప్పటికి దాని డిజైన్ పాతబడింది. ఫిరంగులు 26కి తగ్గించి, కార్వెట్‌గా మార్చి పంపారు. వెస్టిండీస్ వైపు ఒకసారి, పసిఫిక్ వైపు ఒకసారి వెళ్లొచ్చింది. 1857తో ఆ ఉద్యోగం అయిపోయింది. మొత్తం కలిపి పదేళ్లు.

ఆ తర్వాత నావికుల శిక్షణ నౌకైంది. 1897లో తుక్కు కింద అమ్మేస్తే, జార్జ్ వీట్లీ కాబ్ అనే ఆయన కొని, ఫూడ్రాయంట్ అని పేరు మార్చి, పిల్లలకు శిక్షణిచ్చే ఓడగా మార్చాడు. 1986 దాకా అదే పని. అంటే యుద్ధనౌకగా పదేళ్లు, బడిగా వందేళ్లకు పైగా. 1987లో హార్టిల్‌పూల్ తెచ్చి, పాత పేరే పెట్టి, 2001కల్లా బాగుచేశారు. సగానికి పైగా అసలు కలపే. ఇప్పటికీ నీళ్లలో తేలుతోంది.

కింది డెక్‌లో తల వంచుకుని నడుస్తూ అమ్మకి వీడియో కాల్ చేశా. రోజూ “ఏమైనా తెలిసిందా నాన్నా?” అనే అడుగుతుంది. ఆరోజు మాత్రం దూలాలు చూసి, “అది మన టేకేనా? మన ద్వారబంధం లాగే ఉందిరా. అయితే చెడదులే” అంది. ఓడ గురించే అందో, నా గురించే అందో!

నిజం చెప్పాలంటే, ఓడకి వీసా లేదు, నాకుంది. పాతికేళ్లు ఆగే వీలు నాకు లేదు. కానీ ఒకటి మాత్రం గట్టిగా పట్టుకుంది: ఎందుకోసం కట్టారో ఆ పని కన్నా, అనుకోకుండా వచ్చిన పనే అది ఎక్కువ కాలం చేసింది. పైగా ఖాళీగా ఉన్నన్నాళ్లూ కుళ్లిపోలేదు కాబట్టే ఆ పనికి పనికొచ్చింది.

నా వీసాకి ఇంకా అయిదు నెలలుంది. వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్ అయ్యాక రోజూ రెండు గంటలు ఎస్‌క్యూఎల్ ప్రాక్టీస్ చేస్తున్నా. జూనియర్లు ఇద్దరు నేర్పమంటే, ఆదివారాలు వాళ్లకీ చెప్తున్నా.