పూలు లేని లిస్సె

ట్యులిప్ తోటలంటే మనలో చాలామందికి ‘సిల్‌సిలా’ పాటే గుర్తొస్తుంది. 1981లో వచ్చిన ఆ సినిమాలో అమితాబ్, రేఖ పూల వరసల మధ్య తిరిగింది నెదర్లాండ్స్‌లోని క్యూకెన్‌హాఫ్ తోటలో. 32 హెక్టార్ల ఆ తోటలో ఏటా 70 లక్షల దుంపలను చేత్తోనే నాటుతారు. అది ఉన్న ఊరు లిస్సె. మేం మార్చి మొదటి వారంలో వెళ్లాం. తోట గేట్లు ఇంకా తెరవలేదు. చుట్టుపక్కల పొలాల్లో పూలకు బదులు గోధుమ గడ్డి కనిపించింది. మాకు కావలసిందీ అదే, పూలు రాకముందు దుంపలను ఎలా కాపాడతారో చూడాలని.

మా అన్నయ్య కొడుకు హూఫ్‌డోర్ప్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాడికి తెలిసిన ఒక రైతు లిస్సె పక్కన ట్యులిప్‌లు, హయసింత్‌లు వేస్తాడు. అరవై దాటిన మనిషి. ఇల్లు, షెడ్డు, పొలం అన్నీ ఒకే కాలువ గట్టు మీద. మేం చేరేసరికి ఎనిమిదయింది. రాత్రి బాగా గడ్డకట్టినట్టుంది, గట్టంతా తెల్లగా నూగుమంచు. ఇంటి ముందు పూసిన డాఫొడిల్స్ అన్నీ నేలమీద వాలిపోయి ఉన్నాయి. ఎవరో తొక్కి వెళ్లారేమో అనిపించే వాలకం.

“చచ్చిపోయాయా?” అన్నాను.

“ముట్టుకోకండి. కాఫీ తాగి వద్దాం,” అన్నాడాయన.

పదకొండు గంటలకు వచ్చి చూస్తే దాదాపు అన్నీ లేచి నిలబడ్డాయి. చలి ముదిరినప్పుడు నీరు కణాల్లోంచి బయటికి, కణాల మధ్య ఖాళీల్లోకి వచ్చి అక్కడ గడ్డకడుతుంది. బిగువు తగ్గిన కాడ వాలుతుంది. ఎండకు మంచు కరిగితే నీరు మళ్లీ లోపలికి చేరుతుంది. గడ్డకట్టి ఉన్నప్పుడు జాలిపడి కాడను లేపబోతే మాత్రం విరుగుతుంది, అది ఇక లేవదు.

మన లెక్కలో చలి మొక్కకు హాని. ఇక్కడి లెక్క వేరు. 12 నుంచి 16 వారాల చలి ఒంటబట్టకపోతే ట్యులిప్ కాడ సరిగ్గా సాగదు, మొగ్గ ఆకుల మధ్యే మాడిపోతుంది. ఆ చలిలోనే దుంపలోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. చక్కెర కలిసిన రసం మామూలు నీరంత తేలిగ్గా గడ్డకట్టదు. మన లంబసింగిలో కొన్ని రాత్రులు సున్నా దరిదాపులకు దిగుతుంది కానీ ఆ చలి వారాల తరబడి నిలవదు. అందుకే మన దగ్గర ట్యులిప్ పూయించాలంటే ముందు ఫ్రిజ్ కావాలి.

మావాడు ఇక్కడ నోరు విప్పాడు. నిరుడు నవంబరులో బాల్కనీ కుండీల్లో దుంపలు నాటి, డిసెంబరు చలికి భయపడి హాల్లో హీటర్ పక్కకు చేర్చాడట. ఆకులు వచ్చాయి, పూలు రాలేదు. రైతు చాలాసేపు నవ్వాడు. కుండీకి భయం లేకపోలేదని తర్వాత ఒప్పుకున్నాడు. పొలంలో చలి పైనుంచి ఒక్క వైపే దిగుతుంది, కుండీలో నాలుగు వైపులనుంచీ దిగుతుంది. అందుకని కుండీకి గోనెపట్టానో బబుల్ ర్యాపో చుట్టి, గోడవారగా, ఇటుకల మీద ఎత్తుగా పెట్టాలి. అడుగు కన్నం పూడకుండా చూసుకోవాలి. లోపలికి మాత్రం తేకూడదు.

మరి పొలంలో ఆ గడ్డి ఎందుకు? హయసింత్ ట్యులిప్ అంత గట్టిది కాదు, కాబట్టి దాని మీద దట్టంగా పరుస్తారు. ట్యులిప్ మడుల మీద పలచగా, ఎక్కువగా ఇసుక గాలికి లేచిపోకుండా. గడ్డి వల్ల నేల వెచ్చబడదు, దాని వేడి ఒక్కసారిగా మారకుండా ఉంటుందంతే. పగలు కరిగి రాత్రి గడ్డకట్టే నేల ఉబ్బుతూ కుంగుతూ ఉంటుంది, ఆ కదలికకు లేతవేళ్లు తెగుతాయి. మంచు కురిసి నిలిస్తే అదే మంచి కప్పు. మంచు కురవకుండా వీచే ఎండు చలిగాలి చెడ్డది. అంతకన్నా చెడ్డది జనవరిలో వచ్చే వెచ్చటి వారం. మొలకలు తొందరపడి పైకొస్తాయి, వెనకే అసలు చలి వస్తుంది. మేం వెళ్లేసరికి సగం మడుల మీద గడ్డి తీసేశారు. ఎప్పుడు తీయాలన్నది ఆయనకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న. ముందే తీస్తే మొలక చలికి దొరుకుతుంది. ఆలస్యమైతే మొలక గడ్డిలో పాలిపోయి వంకర తిరుగుతుంది.

కాలువ దగ్గర ఆయన ఎక్కువసేపు నిలబడ్డాడు. ఈ పొలాలున్న చోటంతా ఒకప్పుడు సముద్రపు ఇసుక దిబ్బలు. వాటిని తవ్వి చదును చేసి పొలాలు చేశారు. నేల కింద నీటిమట్టాన్ని దాదాపు 60 సెంటీమీటర్ల లోతున నిలిపి ఉంచుతారు. ఎక్కువైతే పంపులు తోడేస్తాయి, తక్కువైతే కాలువలు ఇస్తాయి. దుంపను చలి కన్నా తడి ఎక్కువ చంపుతుంది. 2023 ఆ దేశంలో కొలతలు మొదలయ్యాక అత్యధిక వర్షం కురిసిన ఏడాది. ఆ ఏడాది మాట ఎత్తితే ఆయన చేత్తో తోసేశాడు. ఇంత నీటిభయం ఉన్నవాళ్లే ఎండాకాలంలో ఖాళీ పొలానికి గట్లు కట్టి ఆరేడు వారాలు నీళ్లు నిలబెడతారు. అప్పుడది అచ్చం మన వరి మడే, కొంగలూ వాలతాయి. గాలి అందక నేలలోని నులిపురుగులు, కలుపు విత్తనాలు చస్తాయి.

అన్నిటికన్నా నన్ను ఆపింది వైరస్ కథ. 1630లలో ఈ దేశపు జనం ట్యులిప్‌లను పిచ్చెత్తి కొన్నారు. తెల్లటి రేకుల మీద ఎర్రటి మంటల్లాంటి చారల ‘సెంపర్ అగస్టస్’ వాటిలో మేటి. ఆ చారలు వైరస్ జబ్బు గుర్తులు. ఈ సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు. 1928లో ఇంగ్లండ్‌లో డొరొతీ కేలీ అనే శాస్త్రవేత్త చారల దుంప ముక్కను ఆరోగ్యంగా ఉన్న దుంపకు అంటుకట్టి, చారలు ఇటునుంచి అటు పాకుతాయని చూపింది. మోసుకెళ్లేది పేనుబంక. వైరస్ పట్టిన దుంప ఏటికేడు చిక్కిపోతుంది, పిల్ల దుంపలు తగ్గుతాయి. సెంపర్ అగస్టస్ ఇప్పుడు బొమ్మల్లోనే మిగిలింది.

అందుకే ఏప్రిల్‌లో పూలు విచ్చుకోగానే రోగం వెతికే మనుషులు వరసల మధ్య నడుస్తారు. ఏ ఆకు మీద చిన్న మచ్చ కనిపించినా, ఏ రేకు మీద చిన్న గీత తేలినా ఆ మొక్కను అక్కడికక్కడే తీసేస్తారు. ఇది అందరికీ అబ్బే పని కాదు, ఏళ్లు పడుతుంది. ఇప్పుడు కెమెరాలున్న రోబోలూ వచ్చాయి. మబ్బు రోజు మనిషి కళ్లకు నయమట, ఎండలో మచ్చలు దాక్కుంటాయి. నాకు మాత్రం ఒక పక్క బాధగానే ఉంది. పొలం మొత్తంలో చిత్రకారుడు చూసి ఆగిపోయే ఒకే ఒక పువ్వును ముందు పీకి పారేస్తారు. పాత చారల రకాలు చూడాలంటే ఉత్తరాన లిమ్మెన్ ఊళ్లోని హోర్టస్ బుల్బోరమ్‌కు వెళ్లాలి. 1928లోనే మొదలైన ఆ తోటలో 1620 నాటి ‘జోమర్‌స్కోన్’ ట్యులిప్ ఇంకా పూస్తోంది.

షెడ్డులో చూడటానికి ఖాళీ క్రేట్లే ఉన్నాయి. జులైలో వచ్చి ఉంటే దుంపలు తవ్వి, ఆరబెట్టి, ఫ్యాన్ల గాలి కింద పేర్చడం చూసేవాళ్లం. అప్పుడు ఆయన ముక్కుతో పనిచేస్తాడు. ఫ్యుజేరియం బూజు పట్టిన దుంప పుల్లటి వాసన వేస్తుంది, ఇథిలిన్ వాయువు వదులుతుంది. ఆ వాయువుకు పక్కనున్న మంచి దుంపల్లోని మొగ్గ లోపలే ఎండిపోతుంది. ఇంట్లో ఫ్రిజ్‌లో దుంపలు పెట్టేవాళ్లు పక్కన ఆపిల్, అరటి పండ్లు ఉంచకూడదనేది ఇందుకే.

ఇక ఎలుకల సంగతి తేలిక. ట్యులిప్, క్రోకస్ దుంపలంటే వాటికి ప్రాణం, డాఫొడిల్ జోలికి పోవు, అది విషం. చిన్న తోటల్లో దుంపలను సన్నకన్ను ఇనుపవలలో పెట్టి పాతుతారు. ట్యులిప్ దుంపలను మనుషులూ తిన్నారు. 1944-45 చలికాలంలో, జర్మన్ ఆక్రమణలో తిండి కరువై, మధ్యలోని పచ్చటి మొలక తీసేసి ఉడికించుకున్నారు. రైతు తల్లి ఆ చలికాలం తర్వాత బతికినన్నాళ్లూ ఆ ఉడికిన దుంపల వాసన వస్తే లేచి వెళ్లిపోయేదట.

దొంగల బెడద మొదటినుంచీ ఉంది. 1593లో లైడెన్ విశ్వవిద్యాలయ తోటకు వచ్చిన వృక్షశాస్త్రవేత్త క్లూసియస్ తన ట్యులిప్‌లను ఎవరికీ అమ్మక దాచుకుంటే రాత్రిళ్లు తవ్వుకుపోయారు. ఇప్పుడు తవ్వుకుపోయేవాళ్లు తక్కువ, తొక్కేసేవాళ్లు ఎక్కువ. సెల్ఫీ కోసం వరసల్లోకి దిగితే కాడలు విరగడమే కాదు, బూట్ల మట్టితో ఒక పొలం తెగులు ఇంకో పొలానికి చేరుతుంది. అందుకే గట్ల వెంట తాళ్లు, బోర్డులు. దిగేవాళ్లలో మనవాళ్లు లేరని నేను చెప్పలేను.

“వచ్చే నెల ఆవిణ్ణీ పిల్లల్నీ తీసుకొస్తాను బాబాయ్, పూలు ఎప్పటిదాకా ఉంటాయో అడుగు,” అన్నాడు మావాడు. అడిగాను. బాగా విచ్చుకున్న కొద్ది రోజులకే యంత్రంతో తలలన్నీ కోసేస్తాడట. పువ్వు గింజకు పెట్టే బలం దుంపకు దిగాలి, రాలిన రేకులు ఆకుల మీద కుళ్లి బూజు తేకూడదు.

“ఏప్రిల్ మూడో వారం దాటనివ్వకండి,” అన్నాడు రైతు. “కారు రోడ్డు మీదే ఆపండి. తాడు ఇవతలనుంచి చూడండి.”